కంటి తప్పా, గుండు తప్పా

మా బావకు తుపాకీ పిచ్చి ఉందని చెబితే కొత్తవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు. అది గాలితో పేలే తుపాకీ అనీ, పది మీటర్ల దూరంలో పెట్టిన అట్టముక్కను తప్ప దేన్నీ కొట్టదనీ వివరిస్తే గానీ వాళ్ల ముఖాలు తేటపడేవి కావు. బావ మాత్రం ఆ వివరణ తనంతట తాను ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు.

"ఉండనీ బామ్మర్ది. జర భయపడితే ఏంబోయింది? ఇన్నేండ్ల సంది ఇంట్ల నాకు భయపడ్డోళ్లు ఎవ్వరు లేరు" అనేవాడు, వంటింట్లో ఉన్న మా అక్కకు వినపడేలా.

"భయపడాల్నా? దోమ కుడితే లేచి కూసుంటవ్, నీకు భయపడాలె!" అని అక్కడి నుంచి జవాబు వచ్చేది.

బావ బొగ్గు కంపెనీలో ఫిట్టర్. గని లోపల పంపులు, మోటార్లు ఆగిపోతే బాగుచేసే పని. చెయ్యి నిలకడ, మాట దురుసు. నేను ఈ గోదావరిఖని నుంచే ఒక దినపత్రికకు చాలా ఏళ్లు వార్తలు రాశాను. సమ్మెలు, గని ప్రమాదాలు, వరదలు, ఎన్నికలు రాసీ రాసీ, మా బావ సంగతి రాయదగినదని అప్పుడు తోచలేదు. అది వార్త కాదు కదా. ఇప్పుడు తీరిక దొరికాక, పత్రికకెక్కిన వాటికంటే ఇదే ఎక్కువగా గుర్తుకొస్తోంది.

కార్మికుల క్లబ్బులో ఒక పొడవాటి గది ఉంది. ఎవరో పై అధికారికి సరదా పుట్టి దాన్ని షూటింగ్ గదిగా మార్పించాడు. ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు. గదీ, రెండు తుపాకులూ మిగిలాయి. ఆ గది తలుపు గడియ బిగుసుకుపోయిందని బావను పిలిచారు. గడియ బాగుచేసిన మనిషిని ఒకసారి కొట్టి చూడమన్నారు. అంతే, ఆ తర్వాత డ్యూటీ దిగాక క్యారమ్ బల్లల వైపు వెళ్లడం మానేసి ఆ గదిలోనే ఉండిపోయేవాడు. అందులో ఏముంది బావా అని అడిగితే, "కింద మోటర్లు మొత్తుకుంటయి, ఇంట్ల మీ అక్క మొత్తుకుంటది. ఆడ ఒక్కటే సప్పుడు, నా గుండెది. అది గూడ నేను ఊపిరి ఆపితే తగ్గుతది" అన్నాడు.

రాష్ట్ర పోటీల్లో ఒక అర్హత మార్కు ఉంటుంది. దాన్ని అందుకున్నవాళ్లకే ఆపై పోటీలకు వెళ్లే హక్కు వస్తుంది. ఏడాదిలో దానికి రెండు అవకాశాలు: ఒకటి హైదరాబాదులో, మరికొన్ని నెలలకు ఇంకొకటి వరంగల్లులో. బావ ఒక యేడు ఆ మార్కుకు బాగా దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. వచ్చే యేడు కొట్టేస్తానని ఊళ్లో అందరికీ చెప్పాడు. పతకం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మార్కు ఒక్కటే. తన వయసువాడు, గనిలో దిగి ఎక్కేవాడు, ఒక్కసారి ఆ గీత దాటాడని అనిపించుకోవాలి. అంతకు మించి అతని కోరిక ఏమీ లేదు.

ఆ వచ్చే యేడులోనే ఏరియా దవాఖానలో కళ్లు చూశారు. షుగర్ కంటి మీదికి వచ్చిందన్నారు. కుడి కంటిలోపల సన్నని నాళాలు బలహీనపడ్డాయి. మందులు వాడితే ఏళ్ల తరబడి బాగుండవచ్చు, లేదా ఒక పొద్దున లేచేసరికి మసకబారవచ్చు. డాక్టరమ్మ నిదానంగా, ధైర్యం చెబుతూనే చెప్పింది. బావ తనకు కావలసిన ముక్క మాత్రం పట్టుకుని బయటికి వచ్చాడు.

"అంటే ఈ యేడు నాదన్నట్టు" అన్నాడు మెట్లు దిగుతూ. "వచ్చేటిది ఎవరిదో."

గురిపెట్టేది కుడి కంటితోనే. ఎడమకు మారే వయసు కాదు.

ఆ మాట విన్న కొన్నాళ్లకే మార్కులు తగ్గడం మొదలైంది. ఒకేసారి పడిపోలేదు. ఇవాళ ఒకటి, రేపు రెండు. నడుమ పడాల్సింది పక్కన పడేది. అదే రోజుల్లో క్లబ్బుకు వచ్చే గుండ్లు కూడా మారాయి. పాత రకం ఖరీదని మానేసి, చవక రకం తెప్పించారు. ఇక్కడే బావకు పీడ పట్టుకుంది. తప్పు కంటిదా, గుండుదా?

"యంత్రం ఆగిందనుకో. ముందుగాల కరెంటు రాకనా, బేరింగ్ పట్టిందా, గది తేల్చుకోవాలె. రెండు ఒక్కటేసారి ఇప్పేటోడు ఫిట్టర్ కాదు, కూలీ" అనేవాడు. కన్నును విప్పి చూసే వీలు లేదు గనుక గుండును పరీక్షించాలనుకున్నాడు.

ఆ పరీక్ష ఎట్లా చేయాలో ఫోన్‌లో వచ్చే వీడియోలు చూసి నేర్చుకున్నాడు. అందులో ఎవరో విదేశీ ముసలాయన తన తూటాలను ఇంట్లో తానే తయారుచేసుకుంటాడు. ఇత్తడి గొట్టంలో తుపాకీ మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తాడు. సైన్యం వద్దనుకున్న మిగులు గుండ్లు చవగ్గా కొని తెచ్చి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, ఒక్కో రకం ఎంత దగ్గరదగ్గరగా పడుతుందో కొలుస్తాడు. బావకు ఆయన భాష ఒక్క ముక్క అర్థం కాదు. అయినా టీవీ ముందు కూర్చున్న మా అక్క కంటే శ్రద్ధగా చూసేవాడు.

"నువ్వు గూడ మందు తూచి పోస్తవా ఏంది?" అని నేను అడిగాను.

"ఈడ మనం మందు తూస్తే పోలీసోళ్లు మనల్ని తూస్తరు. మనది గాలి తుపాకీ, మందుతోని పనే లేదు. గుండ్లు తూసుకుంటే చాలు."

గాలి తుపాకీ గుండు చూడనివాళ్ల కోసం చెబుతాను. అది శనగగింజ కన్నా చిన్నది, సీసంతో చేసింది. నడుము సన్నగా ఉంటుంది, వెనక భాగం బోలుగా గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నె అంచు గోటితో నొక్కినా వంగుతుంది. చూడటానికి అన్నీ ఒకటే. కానీ ఒక రకం గుండ్లు ఒకదాని చిల్లులోంచి ఇంకొకటి దూరినట్టు పడతాయి. ఇంకో రకం అట్ట మీద చల్లినట్టు పడతాయి. మంచివి హైదరాబాదు నుంచి తెప్పించాలి. ఇంటి ఖర్చులో చెయ్యి పెట్టి తుపాకీకి పెట్టడం బావకు ఇష్టం లేదు.

రామగుండం స్టేషన్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. కుట్టు మిషన్లు, గ్యాస్ పొయ్యిలు, గాలి తుపాకులు, ఏది తెచ్చినా కాదనడు. మేం భాయ్ అంటాం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. ఎక్కడో మూతపడిన ఒక షూటింగ్ క్లబ్బు సామాను గుత్తగా కొన్నప్పుడు అందులో ఒక పెట్టెడు గుండ్ల డబ్బాలు వచ్చాయని, విదేశీ సరుకని, తీసుకుపొమ్మని కబురుచేశాడు. ఇద్దరం వెళ్లాం. డబ్బాల మీది కాగితాలు చిరిగిపోయాయి, మూతలకు తుప్పు పట్టింది.

"ఏం భాయ్, గివి గాంధీ కాలం నాటి గుండ్లా?" అన్నాడు బావ.

"అరె అన్నా, సీసానికి ముసలితనం ఉంటదా? నీకూ నాకూ వస్తది. ఒక్క డబ్బా నేను పెట్టుకుంటున్న, తుపాకీలు బాగుజెయ్యంగ కొట్టి చూడనీకి. తతిమా అంత నువ్వు తీస్కపో. కొట్టినంక నన్ను యాద్ చేస్తవ్."

పెట్టెను సీటు కింద పెట్టుకుని ఆటోలో తిరిగి వచ్చాం. దారిలోనే బావ ఒక డబ్బా తెరిచి నాలుగు గుండ్లు అరచేతిలో పోసుకున్నాడు. చెయ్యి నల్లబడింది. సన్నని పొడి, వేళ్ల గీతల్లోకి దిగేంత మెత్తగా ఉంది.

ఇక్కడ ఈ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర నల్లగా కనిపించిన ప్రతిదీ కడుగుతారు. కిటికీ ఊచలు, మంచం కోళ్లు, ఆరేసిన బట్టల తీగ, కొత్తగా కొన్న గిన్నె, అంగడి నుంచి తెచ్చిన వంకాయ. డ్యూటీ దిగినవాడు గని దగ్గర ఒకసారి, ఇంటి దగ్గర ఇంకోసారి స్నానం చేస్తాడు. బంధువుల ఊళ్లకు వెళ్లినప్పుడు కూడా మా వాళ్లు కుర్చీలో కూర్చునే ముందు చేత్తో దాన్ని తుడుస్తారు. అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మేమేమీ ఆలోచించి చేయం. నలుపు కనబడితే చెయ్యి దానంతట అదే నీళ్ల వైపు పోతుంది.

"రామగుండం గాలి మొత్తం ఈ డబ్బాలల్లనే ఉన్నది" అన్నాడు బావ, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.

ఇంటికి చేరగానే ఒక్క డబ్బా కాదు, అన్నీ విప్పాడు. మా అక్క బట్టలు నానబెట్టే టబ్బులో గుండ్లన్నీ కుమ్మరించి, బట్టల సబ్బు గీరి వేసి, బియ్యం కడిగినట్టు రెండు చేతులతో రుద్దాడు. నీళ్లు సిరాలా నల్లగా మారాయి. పారబోసి మళ్లీ రుద్దాడు. అక్క చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"గిదేంది? నా టబ్బుల తుపాకీ గుండ్లు కడుగుతున్నవా?"

"నీ చీరలకంటే సాఫ్‌గ ఉన్నయి. చూడు."

"సీసం గదా గది? రేపు నీ బనీన్లు అండ్లనే నానబెడత. ఒంటికి పట్టనీ, జర బరువన్న పెరుగుతవ్."

నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, వెనక వాకిట్లో షాబాద్ బండ మీద పాత ధోవతి పరిచి ఆరబోశాడు. రామగుండం ఎండ అది. గంట గడవకముందే ఎండి, అన్నీ బూడిద రంగు తెల్లదనంతో మెరిశాయి. చూడముచ్చటగా ఉన్నాయని నేను కూడా అన్నాను.

ఆదివారం నాడు పరీక్ష. క్లబ్బు కార్యదర్శిని ఒప్పించి తుపాకీ ఇంటికి తెచ్చాడు. కంపెనీ క్వార్టర్లలో తలుపులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ముందు గది నుంచి వెనక గోడ దాకా కొలిస్తే పది మీటర్లు సరిగ్గా వచ్చింది. వెనక గోడకు పాత బట్టలు కుక్కిన చెక్కపెట్టె, దాని వెనక కన్వేయర్ బెల్టు ముక్క. ముందు గదిలో బరువైన బల్లకు బిగించిన వైస్, ఫిట్టర్లు ఇనుప ముక్కను కదలకుండా పట్టించేది. దాని దవడలకు రబ్బరు తొడిగి, తుపాకీని అందులో నలగకుండా, కదలకుండా పట్టించాడు. అంత జాగ్రత్తగా పసిపిల్లను కూడా ఎత్తుకుని ఉండడు. ఇప్పుడు ఆ తుపాకీకి కన్ను అక్కర్లేదు, చెయ్యి అక్కర్లేదు. అది ఒకే చోటుకు చూస్తూ ఉంటుంది. గుండు పక్కకు పడితే తప్పు గుండుదే.

అక్క వంటింట్లో ఇరుక్కుపోయింది. దాటి రావడానికి వీల్లేదు.

"రైలు గేటు ఎత్తుతరా లేదా? పొయ్యి మీద పప్పు, ముందట ఇంట్ల ఉప్పు!"

"బండి పోతున్నది. ఆగు!"

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యే వేళ మాత్రం తుపాకీ ముట్టుకోలేదు. నేల అదిరి, కిటికీ అద్దాలు గలగలమని ఆగాక మళ్లీ మొదలుపెట్టాడు. ముందు క్లబ్బులో ఇచ్చే చవక గుండ్లు కొట్టాడు. అట్ట తెచ్చి చూస్తే చిల్లులన్నీ చిటికెన వేలి గోరంత మేరలో పడ్డాయి. తర్వాత భాయ్ గుండ్లు. మొదటి అట్ట తెచ్చి చూశాం. రూపాయి బిళ్ల పెట్టినా దాని కింద దాగనంత ఎడంగా పడ్డాయి. వైస్ వదులైందేమోనని మళ్లీ బిగించాడు. ఇంకో డబ్బా గుండ్లు కొట్టాడు. అంతే. ఇంకోటి. ఇంకా అధ్వాన్నం.

సాయంత్రానికి బల్ల మీద అట్టలన్నీ వరుసగా పరిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క గేటు సంగతి అడగడం కూడా మానేసింది.

"ఫారిన్ గుండ్లే గిట్ల పడుతున్నయి. అంటే మన క్లబ్బు గుండ్లు బంగారమే. అంతకంటే దగ్గర ఈ తుపాకీ కొట్టదు" అన్నాడు. అట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి, "తప్పు గుండుది కాదు బామ్మర్ది" అన్నాడు.

కాకపోతే ఇంకెవరిదో చెప్పలేదు.

కడిగిన గుండ్లను గోదావరి ఒడ్డున చేపలు పట్టే పరిచయస్థుడికి ఇచ్చేశాడు. అతను వాటిని కరిగించి వలకు బరువులు పోసుకున్నాడు.

హైదరాబాదు పోటీకి నేనూ వెంట వెళ్లాను. బావ క్లబ్బు గుండ్లతోనే కొట్టాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని అట్టలు చూస్తూ ఉన్నాను. ఏ గుండూ దూరం పోలేదు. అన్నీ నడిమి చుక్క చుట్టూ, ఆ చిటికెన వేలి గోరంత జాగాలోనే. కానీ ఈ ఆటలో అంత జాగా చాలా ఎక్కువ. చుక్కలో పడాల్సింది దాని అంచున పడితే మార్కు పోతుంది. చివరికి అర్హతకు కొద్దిలో తక్కువైంది. నిరుటి కంటే కాస్త ఎక్కువే తక్కువ.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక చేత్తో ఎడమ కన్ను మూసి, కుడి కంటితో బయటి కరెంటు స్తంభాలు చూస్తూ వచ్చాడు.

"ఎట్లున్నయి?" అన్నాను.

"మంచిగనే కనవడ్తున్నయి. గదే తెలుస్తలేదు. కన్ను పోయేటప్పుడు పోతున్న అని చెప్పదు కావచ్చు."

ఆ తర్వాత ఎవరడిగినా ఒకటే జవాబు: "కన్ను సాయం చెయ్యలే. ఇగ అయిపోయింది." వరంగల్లు పోటీకి పేరు ఇవ్వమని క్లబ్బువాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు. అక్క కూడా పోరింది. ఆటంటే ఆమెకు ఏ గౌరవమూ లేదు. అయినా పొద్దుపోయేదాకా అరుగు మీద ఊరికే కూర్చునే మనిషిని చూడలేకపోయింది.

"పోరాదయ్యా. పోతే ఏం పోతది? బస్సు కిరాయి పోతది."

"మంది ముందట గుడ్డోని లెక్క నిలవడమంటవా?"

"గుడ్డోనివైతే నా కూరల వెంట్రుక ఎట్ల దొరకవడ్తవ్?"

నవ్వాడు గానీ వెళ్లలేదు. వరంగల్లు పోటీ జరిగిన రోజు నాకు బాగా గుర్తుంది. మంచిర్యాల నుంచి చుట్టాలు వస్తే వాళ్లతో పేకాట ఆడుతూ కూర్చున్నాడు. దూరాన ఉన్న గోడ గడియారంలో టైమ్ ఎంతైందో వాళ్లు అడిగితే, తలెత్తి చూసి చెప్పాడు.

ఆ చలికాలంలో ఒక పొద్దున లేచి, కుడి కంటి ముందు ఎవరో మసి గుడ్డ వేలాడదీసినట్టుందన్నాడు. లోపల రక్తం చిమ్మిందట. హైదరాబాదు పంపారు, ఆపరేషన్ అయింది. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. ఎడమ కన్నుతో పని వెళ్లదీస్తున్నాడు. కంపెనీ అతన్ని గనిలోపలి పని నుంచి పైకి మార్చింది.

పరామర్శకని భాయ్ వచ్చాడు. దానిమ్మ పండ్లు తెచ్చాడు. కంటి సంగతి, షుగర్ సంగతి, ఎవరెవరికి ఏ మందు పడిందో ఆ సంగతి అయ్యాక, బావ ఊరికే ఉండలేక గిల్లాడు.

"అంత మంచిదే గని భాయ్, నీ గుండ్లు మాత్రం ఉత్త కచరా."

భాయ్ ముఖం మారింది. "ఎవరన్నరు?"

"నేను అంటున్న. వైస్‌కు కట్టి మరీ కొట్టిన. సల్లినట్టు పడ్డయి. చేపల వలకిచ్చిన."

"యా అల్లా! నా మాల్‌ను చేపలకు ఏసినవా? అన్నా, పండ్లు తెచ్చినోనితోని గిట్లనా అనేది! గదే డబ్బాల నుంచి నేను రోజు కొడుతున్న. తుపాకీ సరిజేసి ఇచ్చేటప్పుడు గిరాకీ ముందటనే కొట్టి చూపెడ్త. ఒక్కటి తప్పలే. ఆదివారం వస్త. నా ఇజ్జత్ సవాల్."

అన్నట్టే ఆదివారం డబ్బా పట్టుకుని వచ్చాడు. క్లబ్బు తుపాకీని నేను తెచ్చాను. వైస్ దవడల మధ్య దాన్ని బిగించే పని బావ ఎవరికీ ఇవ్వలేదు. కన్నుతో పనిలేకుండా వేళ్లతోనే తడిమి, అంచు దొరికించుకుని, నిదానంగా మర తిప్పాడు. భాయ్ గుండు పెట్టి కొట్టాడు, మళ్లీ పెట్టి కొట్టాడు. అయిదు కొట్టాక నేను వెళ్లి అట్ట తెచ్చాను.

చిల్లు ఒక్కటే ఉంది. అంచు కాస్త చిరిగిన ఒక్క చిల్లు.

మిగతావి అట్టకు తగల్లేదేమో అనుకుని పెట్టె చుట్టూ వెతికాను. లేవు. అన్నీ అందులోంచే పోయాయి. ఇంకో అట్ట పెట్టాం. మళ్లీ అంతే. భాయ్ మీసం దువ్వుకున్నాడు. బావ ఏమీ అర్థంకాక వైస్‌ను తడుముతున్నాడు. అప్పుడు అక్క చాయ్ తెచ్చి, భాయ్ చేతికి గ్లాసు అందిస్తూ ఆగింది.

"చేతులకు గీ నలుపేంది భాయ్?"

"గుండ్లదమ్మా. గివి గిట్లనే ఉంటయి. గొట్టంల జారనీకి పూసిన పూత అది."

"మరి మావి తెల్లగ ఉండె గదా."

ఆమె టబ్బు ఉన్న మూల వైపు చూసింది.

"కడిగిండు గదా. అన్ని. నా సబ్బుతోని."

"కడిగినవా?" అన్నాడు భాయ్. గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. "రుద్ది కడిగినవా? వెనుక అంచులు గింత మెత్తగుంటయి అన్నా..."

బావ చెయ్యి చాపితే భాయ్ ఒక గుండు అందులో పెట్టాడు. బావ దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నెమ్మదిగా తిప్పాడు. ఆ నున్నటి జారుడు అతనికి తెలియనిది కాదు. జీవితమంతా అదే పని.

"గ్రీజు" అన్నాడు. "నేను బొగ్గనుకున్న."

భాయ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. అప్పుడే చెప్పాల్సి ఉండె."

"నువ్వేం చెప్తవ్ భాయ్. ఉప్పు అమ్మేటోడు కడగకుమని చెప్పి అమ్ముతడా?"

కాసేపటి తర్వాత, క్లబ్బు చవక గుండ్లు కూడా ఒక అట్ట కొట్టమన్నాడు. ఎందుకని అడగలేదు, కొట్టాం. రెండు అట్టలూ ఒళ్లో పెట్టుకుని, భాయ్ గుండ్ల చిల్లు మీద ఒక వేలు, చవక గుండ్ల చిల్లుల మీద ఇంకో వేలు పెట్టాడు. ఆ రెండో అట్ట మీద వేలు చాలాసేపు తిరిగింది.

"బామ్మర్ది, హైదరాబాద్‌ల నేను కొట్టినయి ఎంత జాగల పడ్డయి?"

నాకు అబద్ధం చెప్పాలని అనిపించింది. చెప్పినా ప్రయోజనం లేదు. అతని వేలికి తెలిసిపోయింది.

"గంతే" అన్నాను.

"గోరంత."

"గోరంత."

"అయితే ఆ దినం నేను ఏడ చూసిన్నో గాడనే కొట్టిన. గుండు పోలేదు, గంతే." వేలు అట్ట మీది నుంచి తీశాడు. "కన్ను మంచిగనే ఉండె."

అతను లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుసు. హైదరాబాదు పోటీ పోతే పోయింది. అది చేతిలో ఉన్న గుండ్లతో కొట్టింది. కానీ ఆ తర్వాత నెలల తరబడి ఆ కన్ను బాగానే ఉంది. వరంగల్లు పోటీ నాటికి బాగానే ఉంది. పేకాట నడుమ దూరాన గోడ గడియారం చదివిన కన్ను అది. భాయ్ దుకాణంలో ఈ గుండ్లు అప్పుడూ ఉన్నాయి. మంచి కన్నూ మంచి గుండూ ఒకే కాలంలో, ఆటోలో పోయేంత దూరంలో ఉన్నాయి. ఆ రెంటినీ కలపలేదు.

అందరికంటే ముందు అక్క మాట్లాడింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. "నేను పొమ్మన్న గదా" అనబోయి, సగంలో ఆపి, "చాయ్ సల్లారుతున్నది, తాగుండ్రి" అంది.

మిగిలిన డబ్బా బావ దగ్గరే ఉంచుకొమ్మని భాయ్ బల్ల మీద పెట్టాడు. బావ వెనక్కి తోశాడు.

"వద్దు భాయ్. ఇంట్ల ఉంటే రోజు కండ్లల్ల పడతది." అని, తనే నవ్వాడు. "ఏ కంట్లె పడతదో గని."

భాయ్ నవ్వలేకపోయాడు. డబ్బాను జేబులో వేసుకుని లేచాడు. బస్సు ఎక్కించడానికి నేను చౌరస్తా దాకా వెంట నడిచాను. బస్సు వచ్చాక మెట్టు మీద కాలు పెట్టి, "పేపర్ సాబ్, మీ బావ తప్పనకు. మా ఇంట్ల గూడ నల్లగుంటే కడుగుతరు" అన్నాడు.

ఆ డబ్బా చివరికి క్లబ్బుకు చేరింది. ఈ యేడు పోటీకి వెళ్లే టీచరమ్మ ఒకామె ఉంది, మంథనివాళ్లమ్మాయి. ఆమెకిమ్మని బావే చెప్పించాడు. ఆమె మార్కు అందుకుందో లేదో నేను అడగలేదు. బావ కూడా అడగలేదు.

నాకు మిగిలిన బాధ చిన్నదే కావచ్చు. ఇన్నేళ్ల వార్తల్లో ఇంతకంటే పెద్ద నష్టాలు రాశాను. వాటిలో చాలావాటికి కారణం ఫలానా అని వేలు చూపించవచ్చు. దీనికి చూపించడానికి ఎవరూ లేరు. పరీక్ష సరైనదే, వైస్ గట్టిదే, మనిషి నిజాయితీగా కొలిచాడు. కొలిచింది చూసి తన కన్ను మీద నమ్మకం వదులుకున్నాడు. నిజంగానే పోయేముందు ఆ కన్ను కొన్ని నెలలు అతని కోసం పని లేకుండా ఎదురుచూసింది. నాకు గుచ్చుకునేది ఆ నెలలే.

బావ ఇప్పుడూ సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వస్తాడు. పాత దోస్తులు ఆ యేడు పోటీ మాట ఎత్తితే, ఇదివరకు కంటి సంగతి చెప్పి ముగించేవాడు. ఈ మధ్య అట్లా చెప్పడం లేదు.

"వరంగల్ పోటీల ఏమైంది అన్నా?" అని మొన్న ఒకతను అడిగాడు. కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు, ఏమీ తెలియదు.

"పోలే" అన్నాడు బావ.

"అరె, ఎందుకు? కండ్లు బాగలేకనా?"

"కండ్లు మంచిగనే ఉండె" అన్నాడు బావ. "నేనే పోలే."